దొర నోట పుంజు

నాకు నోరెక్కువ. మా లైనులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. కలకత్తాలో ఖిదిర్‌పూర్ ఓడల డాకులో పనిచేసే శ్రీకాకుళం వాళ్ళందరం ఒకే వరస ఇళ్ళల్లో ఉంటాం, దాన్నే లైను అంటాం. లైను మొదట్లో ఎర్రజెండా కట్టిన పార్టీ ఆఫీసు, చివర్లో అసిరితల్లి గుడి, ఆ గుడికి ఎదురుగుమ్మం మాది. నా పేరు దాలమ్మ. దొరని ఇంటికి తెచ్చింది ఈ నోరే, దొర చేజారిపోయేదాకా తెచ్చిందీ ఈ నోరే.

అప్పట్లో నేను డబ్బున్నవాళ్ళుండే అలీపూర్‌లో ఘోషాల్ బౌదీ ఇంట్లో వంట చేసేదాన్ని. బౌదీ అంటే బెంగాలీలో వదిన. ఇంటి ఇల్లాలిని అలా పిలవడం ఇక్కడి మర్యాద. ఆవిడకి దెబ్బతిన్న జంతువులంటే ప్రాణం. పెరట్లో ఎప్పుడూ ఒక కుంటి పిల్లో, రెక్క విరిగిన గద్దో ఉండేది. ఒక వానాకాలం పొద్దున నేను వెళ్ళేసరికి వరండాలో గోధుమరంగు కుక్క ఒకటి పడుకుని ఉంది. ఒంటిమీద తెల్ల మచ్చలు, మెత్తటి చెవులు రెండూ చెంపల మీదికి వేలాడుతున్నాయి. బౌదీ ఏదో ఇంగ్లీషు జాతి పేరు చెప్పింది, నా నోట నిలవలేదు.

వేటకుక్క అది. ఊరికి తూర్పున ఉన్న చెరువుల్లో అడవి బాతులుంటాయి. వాటిని కాల్చకూడదని చట్టం ఉన్నా ఎవరో జీపులో తుపాకులేసుకుని వచ్చారట. పోలీసుల అలికిడి విని పారిపోతూ కుక్కని వదిలేశారు. దాని తొడలో కూడా తుపాకీ రవ్వలు దిగి ఉన్నాయి. చేపల చెరువుల వాళ్ళు మోసుకొచ్చి బౌదీకి అప్పగించారు. డాక్టరు రవ్వలు తీశాడు, పుండు మానింది. ఇక పెంచుకునేవాళ్ళు దొరికేదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉంచుకోవాలి. బౌదీ స్నేహితులు టీ తాగుతూ ఒకరి తర్వాత ఒకరు కారణాలు చెబుతున్నారు. మా ఫ్లాట్ చిన్నది, మా అత్తగారికి ఉబ్బసం, మా పాప భయపడుతుంది.

నేను బియ్యం కడుగుతూ ఊరుకోవచ్చు కదా? "ఇంత పెద్ద పెద్ద ఇళ్ళు, ఒక కుక్క పడుకునేంత జాగా లేదా?" అనేశాను బెంగాలీలో. బౌదీ నవ్వి, "మరి నీ ఇంట్లో ఉందా దాలి?" అంది. నాది ఒక గది, ముందర ఒక అరుగు. "ఎందుకు లేదు?" అన్నాను.

సాయంత్రం తాడు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. మా ఆయన గవరయ్య డాకులో క్రేను నడుపుతాడు. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. అరుగు తడిగా ఉందని కుక్క కూర్చోకుండా నిలబడే ఉంది. కంచంలో అన్నం పెట్టినా, తిను అనేదాకా ముట్టుకోలేదు. గవరయ్య బీడీ ఆర్పి దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఏటే, అలీపూర్ దొరగోర్ని ఇంటికి తెచ్చీసినావేటి?" అన్నాడు. అలా దానికి దొర అని పేరొచ్చింది. పేరొచ్చాక అది, ఇది అనడం మానేశాం. వాడు, వీడు అన్నాం.

రోజూ పొద్దున్నే కుళాయి కింద వాడికి స్నానం చేయించేదాన్ని. అక్కడే ఒక సంగతి పట్టుకున్నాను. వీపు మీద నా చెయ్యి ఉన్నంతసేపూ వాడు రాయిలా నిలబడతాడు. చెయ్యి తీశానంటే చెవుల నుంచి తోకదాకా ఒళ్ళంతా విదిలించి, కుళాయి దగ్గర ఉన్నవాళ్ళందరికీ స్నానం చేయిస్తాడు. అందుకని ఎవరైనా చుట్టుపక్కల ఉంటే వాళ్ళు దూరం జరిగేదాకా చెయ్యి తీసేదాన్ని కాదు. గిట్టనివాళ్ళుంటే మాత్రం ముందే తీసేదాన్ని.

మరో సంగతి మాత్రం మా లైనంతటికీ చాన్నాళ్ళు అర్థం కాలేదు. స్నానమయ్యాక వాడు ఉన్నట్టుండి ముందు కాలొకటి పైకెత్తి, తోక నిటారుగా పెట్టి, బిగుసుకుపోయి నిలబడేవాడు. మా లైనులో కాలెత్తి నిలబడ్డ ప్రాణి కనబడితే అందరికీ ఒకటే తోస్తుంది. బస్తా మీద పడింది, కాలు పోయింది అని. మరేం తోస్తుంది? ఇంటికొకరు అలా అయినవాళ్ళే. "అయ్యో పాపం, ఎముక్కి దెబ్బ తగిలినాది, డాట్రు రవ్వలే తీసినాడు గానీ కాలు సూడ్నేదు" అని తీర్మానించేశాం. కూర్మయ్యని పిలిచాం. కూర్మయ్య పూర్వం డాకు కూలీ, ఇప్పుడు తల్లి గుడికి పూజారి, విరిగిన ఎముకలకి కట్టు కట్టడంలోనూ చెయ్యి తిరిగినవాడు. కాలు నొక్కి చూసి, "ఇదుగో, ఇక్కడే" అన్నాడు. గుడ్డుసొన, మినప్పిండి పట్టించి, వెదురుబద్దలు వేసి బిగించి కట్టాడు. దొర పెద్దమనిషిలాగ ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర రెండో కాలు ఎత్తాడు.

గవరయ్య నవ్వలేక చచ్చాడు. అప్పుడు గానీ నాకు వాడి కాలు మానేసి ముక్కు వైపు చూడాలని తట్టలేదు. వాడి ముక్కు సూటిగా పక్కింటి గోడమీద ఉన్న పుంజు వైపుంది. వేటగాడికి, అదుగో పిట్ట అని చూపిస్తున్నాడు పాపం, వాడి ఉద్యోగం వాడు చేస్తున్నాడు. మేం దానికి కట్టు కట్టాం.

ఆ పుంజు సంగతి చెప్పాలి. అది పక్కింటి అమ్మన్నమ్మది. అమ్మన్నమ్మ నాకంటే పెద్దది, అప్పా అని పిలుస్తాను. ఆవిడ కొడుకు బైరాగి. ఓడలో బస్తాలు జారి మీద పడి వాడికి నడుం విరిగింది. ఇక లేవడన్నారు. వాడు లేచి నడిస్తే పుంజునిస్తానని అమ్మన్నమ్మ అసిరితల్లికి మొక్కుకుంది. వాడు లేచాడు, నడిచాడు, ఇప్పుడు డాకులో కాపలా పని చేస్తున్నాడు. మొక్కిననాడు కొన్న కోడిపిల్లే ఈ పుంజు. నెమలికంఠం రంగు మెడ, కత్తుల్లాంటి తోక ఈకలు. మొక్కు కోడిని ఎవరూ అదిలించకూడదు. అందరి కంచాల్లోనూ తిని అందరి మంచాల మీదా రెట్ట వేసేది. అమ్మన్నమ్మ మనుషులతో మాట్లాడితే తిట్టినట్టుంటుంది గానీ, ఆ పుంజుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నూకలు నోటికి అందించేటప్పుడు చూడాలి. కన్నబిడ్డకీ అంత ఓపికగా పెట్టి ఉండదు.

విశ్వకర్మ పూజ రోజు దొర సంగతి మరికొంత తెలిసింది. ఆ రోజు డాకులో క్రేన్లకి పూలదండలు వేస్తారు, కలకత్తా ఆకాశమంతా గాలిపటాలే. తెగిన గాలిపటం ఒకటి డ్రైనేజీ అవతల పడింది. దొర కాలెత్తి బిగుసుకున్నాడు. ఈలోగా పిల్లలంతా నా కాళ్ళకి అడ్డంపడి గోల. "పోండెహె, ఎదవల్లారా!" అని చెయ్యి విసిరాను. పిల్లలు కదల్లేదు. దొర బాణంలా దూసుకుపోయాడు. మురుగులోంచి దాటి, గాలిపటాన్ని నోట పట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. పలచటి కాగితం, అగరుబత్తి పుల్లంత పుల్లలు. ఎక్కడా చిరగలేదు, ఒక్క పంటి గాటు లేదు. నేను చెయ్యి విసిరితే వెళ్తాడు, విసరకపోతే ప్రాణం పోయినా కదలడు. ఆ రోజంతా నా చెయ్యి నొప్పెట్టేదాకా గాలిపటాలు తెచ్చాడు.

కాళీపూజ నాడు బాంబులు పేలుతుంటే ఊళ్ళో కుక్కలన్నీ మంచాల కింద దూరాయి. దొర ఒక్కడూ సందు మధ్యలో కూర్చుని, ఢాం అన్నప్పుడల్లా తలెత్తి ఆకాశం వైపు చూసేవాడు. ఏదో పడాలి కదా! ఏమీ పడదు. నా వైపు చూసేవాడు. అంత చప్పుడు చేసి ఒక్క పిట్టని కూడా పడగొట్టలేని మనుషుల మధ్య ఉద్యోగం చెయ్యాల్సి వచ్చిందని వాడి బెంగ. నేను పక్కన కూర్చుని వాడి తల నిమిరాను. ఆ రోజే అనుకుంటాను, వీడు నావాడు అని నాకు తెలిసిపోయింది.

చలి తగ్గుతుండగా బౌదీ కబురు చెప్పింది. సాల్ట్ లేక్‌లో ఎవరో దొరని పెంచుకుంటామన్నారట. సొంత ఇల్లు, చుట్టూ తోట. తింటున్న కంచం పక్కకి తోశాను. చెయ్యి కడిగేసుకుని, "వాళ్ళకెందుకు బౌదీ, నేనే పెంచుకుంటాను" అన్నాను. బౌదీ మొహం వెలిగిపోయింది, అయినా మెత్తగా ఒక మాట చెప్పింది. "నువ్వు పెంచుతావు, నాకు తెలుసు. మీ లైనులో కోళ్ళున్నాయి. వాళ్ళలో ఎవరికి ఇష్టం లేకపోయినా రేపు వీడు మళ్ళీ రోడ్డున పడతాడు. మీ గుడి పండగయ్యాక వస్తాను. అందరినీ అడుగుతాను. అందరూ సరేనంటే వీడు నీవాడు."

ఆవిడ వచ్చేలోగా నేనే ఇల్లిల్లూ అడిగాను. అందరూ సరేనన్నారు. అమ్మన్నమ్మ మాత్రం ససేమిరా అంది.

"వేటకుక్కే అది! రగతం రుసి మరిగినాది. ఇయాల గాలిపటం తెచ్చినాది, రేపు నా పుంజుని తెత్తాది. తల్లి సొమ్ము దాని నోట పడ్డాదంటే నా కొడుకు నడుం మల్లీ ఇరుగుతాది" అని పార్టీ ఆఫీసుకి కూడా వెళ్ళింది. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాల తగువైనా అక్కడే తేలాలి. అక్కడి పెద్ద, దాదా అంటాం, టీ తాగుతూ అంతా విని, "ఎ తో తోమాదేర్ ఠాకురేర్ బ్యాపార్" అన్నాడు. అది మీ దేవుడి వ్యవహారం, మీరే చూసుకోండి అని.

దేవుడి వ్యవహారమైతే దేవుడి దగ్గరే తేల్చుకుందామని నాకు ఒళ్ళు మండింది. గుడి ముందు అందరూ ఉండగా తల్లిగా నిలిపిన రాతి మీద చెయ్యి వేశాను.

"అసిరితల్లి సాచ్చిగా సెప్తన్నాను. మా దొర ఏ కోడినైనా నోట అట్టుకున్నాడా, ఆ రోజే నా సేత్తో నానే అంపేత్తాను. ఎవులూ అడగక్కర్నేదు!"

అమ్మన్నమ్మ వెనుదిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. అంత ఒట్టు తర్వాత ఎవరు మాత్రం కాదంటారు? నేను గెలిచినట్టే ఇంటికొచ్చాను. గవరయ్య అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించి అన్నాడు.

"సంపితే అనాల్సింది గదే. అట్టుకుంటే అన్నావు. ఆడి పనే అట్టుకోడం."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఆ రోజు నుంచి దొర మెడలో తాడు, తాడు చివర నా చెయ్యి.

పున్నమి నాడు తల్లి సంబరం. పొద్దున్నే డప్పులతో గంగ ఒడ్డుకి వెళ్ళి, ఘటంలో నీళ్ళు నింపి, మొక్కు కోళ్ళకి పసుపు నీళ్ళు పోసి, మళ్ళీ గుడికి రావాలి. అక్కడ కూర్మయ్య కోడి నెత్తిన ఘటం నీళ్ళు చల్లుతాడు. కోడి ఒళ్ళు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే మళ్ళీ చల్లుతాడు. మూడోసారికీ విదిలించకపోతే తల్లికి అది అక్కర్లేదని అర్థం. మూడోసారిదాకా వెళ్ళిన కోడిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తడిస్తే విదిలించని కోడుంటుందా?

దొరని ఇంట్లో వదలడానికి ధైర్యం చాలక తాడు పట్టుకుని వెంట తీసుకెళ్ళాను. అమ్మన్నమ్మ చంకలో పుంజు, పక్కన బైరాగి. ఆవిడ దారంతా పుంజు చెవి దగ్గర ఏదో గొణుగుతూనే ఉంది. మంత్రాలనుకున్నాను.

మెట్లరేవు దగ్గర నీళ్ళు బాగా వెనక్కి తీసి ఉన్నాయి. మెట్ల కింద నుంచి నీటిదాకా నల్లటి బురద. పోటు మొదలై, నీళ్ళు ఆ బురద మీదికి పాకుతూ వస్తున్నాయి. సరిగ్గా అమ్మన్నమ్మ పుంజుకి నీళ్ళు పోస్తుంటే నదిలో వెళ్తున్న ఓడ కూత పెట్టింది. మాకు అలవాటే గానీ పుంజుకి అంత దగ్గరగా ఎప్పుడు విన్నదని? కాళ్ళకి కట్టిన ఎర్రదారం తెంపుకుని ఒక్క ఎగురు ఎగిరింది. గాల్లో కొంతదూరం పోయి బురద మధ్యలో పడింది. రెక్కలు కొట్టుకుంటున్నకొద్దీ లోపలికి దిగిపోతోంది. నీళ్ళు దగ్గరికి వస్తున్నాయి.

అందరూ అరిచారే గానీ ఎవరూ దిగలేదు. ఆ బురదలో మనిషి దిగితే నడుందాకా పోతాడు, పోటు నీళ్ళకి దొరికిపోతాడు. ఎవరో వెదురు గడ చాపితే సగం దూరం కూడా అందలేదు. అప్పుడు బైరాగి లుంగీ ఎగ్గట్టి మెట్టు దిగాడు.

"ఒరే, నీ నడుం రా! ఒద్దురా నాయినా!" అమ్మన్నమ్మ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది. ఒక చేత్తో కొడుకుని లాగుతోంది, రెండో చెయ్యి పుంజు వైపు చాచి ఉంది. ఆ మనిషి అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. "నా మొక్కు... నా కొడుకు కోసమని మొక్కినాను తల్లీ..." అంటోంది.

నా చేతిలో తాడు బిగుసుకుంది. చూస్తే దొర. ముందు కాలు ఎత్తి ఉన్నాడు. ముక్కు పుంజు వైపు, కళ్ళు నా మొహం వైపు. అరవడం లేదు, గుంజడం లేదు. నా చెయ్యి కోసం చూస్తున్నాడు.

గవరయ్య నా పక్కనే ఉన్నాడు. "దాలీ, ఒట్టు" అన్నాడు నెమ్మదిగా.

"తెలుసు" అన్నాను.

వాడిని వదిలితే వాడు పుంజుని నోట పట్టుకుంటాడు. పట్టుకుంటే వాడు నాకు లేడు. వదలకపోతే పుంజు పోతుంది, లేదా బైరాగి పోతాడు, కనీసం అమ్మన్నమ్మ మనశ్శాంతి జన్మలో ఉండదు. వాడి మెడలో తాడు ముడి విప్పాను. చెయ్యి విసిరాను.

బురద మీద మనిషిలాగ దిగబడలేదు వాడు. పొట్ట నేలకి ఆనించి, కాళ్ళు బార్లా చాపుకుంటూ పాకినట్టు పోయాడు. మధ్యలో నీటిపాయ అడ్డమొస్తే ఈదాడు. పుంజు వాడిని చూసి చావుకేక పెట్టింది. మెల్లిగా నోరు తెరిచి, రెక్కలతో సహా నడుం దగ్గర పట్టుకుని, తల పైకెత్తి వెనక్కి తిరిగాడు. వాడి నోట్లో ఉండి కూడా ఆ పుంజు వాడిని తిడుతూనే ఉంది. తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. ఈకలు తిరగేసి చూశాను. ఒక్క రక్తపు బొట్టు లేదు. తీసుకెళ్ళి అమ్మన్నమ్మ ఒళ్ళో పెట్టాను. ఆవిడ నా వైపు చూడలేదు. పుంజుని పమిటలో చుట్టి, ఒక్కొక్క ఈకా తుడవసాగింది.

బైరాగి మెట్టు మీద కూలబడి దొర వైపు దండం పెట్టాడు. అంతా బాగానే ఉండేది గానీ, తప్పులు పట్టే జగ్గమ్మ ఉందిగా మా లైనులో!

"ఓలమ్మ, కుక్క నోరు పడ్డాదే! ఎంగిలి కోడిని తల్లికెలాగ ఇత్తారే?" అంది. ఆ వెంటనే ఇంకో మాట. "మరి దాలమ్మ ఒట్టేటయినట్టు?"

వెనక్కి నడుస్తున్నంతసేపూ డప్పు కొట్టేవాళ్ళు కూడా మెల్లగా కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చీరకొంగుతో ముక్కు తుడుచుకుంటూ నడిచాను. వాడు మాత్రం తోకూపుకుంటూ పక్కనే నడిచాడు. ఇన్నాళ్ళకి ఆకాశం నుంచి ఒక పిట్ట పడింది, తెచ్చి చేతిలో పెట్టాడు, వాడికింకేం కావాలి?

గుడి దగ్గరికి వచ్చాక, బురదతో తల్లి ముందు ఎలా నిలబెడతానని దొరని కుళాయి కిందికి తోసి కడిగాను. బురదంతా పోయింది. చెయ్యి వీపు మీద పెట్టి అలాగే గుడి ముందుకి నడిపించాను. వాడు నీళ్ళు కారుతూ రాయిలా నిలబడ్డాడు.

ఎంగిలి అని ఒకరు, కాదని ఒకరు వాదించుకుంటున్నారు. కూర్మయ్య చెయ్యెత్తాడు. "ఎంగిలో కాదో సెప్పడానికి మనమెవులం? తల్లినే అడుగుదుం. నీల్లు సల్లుతాను. ఇదిలించిందా, తీసుకున్నట్టు."

అమ్మన్నమ్మ పుంజుని చంకలో పెట్టుకుని తల్లి ముందు కూర్చుంది. కూర్మయ్య నీళ్ళు చల్లాడు. పుంజు కళ్ళార్పింది, అంతే. మళ్ళీ చల్లాడు. నీటి చుక్కలు ముక్కు మీంచి జారాయి. కదల్లేదు. మూడోసారి చల్లాడు. పుంజు బొమ్మలా ఉంది.

తడిస్తే విదిలించని కోడుంటుందా అని నాకు వింతగా తోచి, ఒక అడుగు ముందుకేసి చూశాను. అమ్మన్నమ్మ మోచెయ్యి పుంజు రెక్కల మీద ఎంత బిగించి ఉందంటే, ఆవిడ చేతి నరాలు పైకి తేలాయి. అవతలి చేత్తో మెడ కింద పట్టుకుంది. ఇంక అది విదిలించడం ఎలాగ? దారంతా దాని చెవిలో గొణిగింది మంత్రాలు కావని అప్పుడర్థమైంది నాకు.

"తల్లి ఒద్దంతాది" అన్నాడు కూర్మయ్య. చేతిలో ఘటం పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. "ఎప్పుడూ ఇలాగవనేదు. మరి దేన్ని కావాలంతాదో తల్లి..."

నేను చెయ్యి తీశాను.

దొర చెవుల దగ్గర మొదలుపెట్టాడు. తల, భుజాలు, నడుం, తోక, ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించాడు. ఆ నీళ్ళు కూర్మయ్య మొహం మీద, ఘటం మీద, తల్లి రాతి మీద పడ్డాయి. జగ్గమ్మ కొత్త చీర మీద కూడా పడ్డాయి, దానికి నేనేం చెయ్యను?

కూర్మయ్య మొహం తుడుచుకుని, "ఇదిలించినాడు" అన్నాడు.

"ఓలమ్మో, కుక్కనేటి, కోసీమంతాదేటి తల్లి?" అంది జగ్గమ్మ.

"కొయ్యడమేటే నీ బుద్ధి! ఆంబోతుకి అచ్చేసి తల్లి పేర ఒదిలేత్తే ఎవులైనా కోత్తారేటి? ఆడు తల్లోడు. అంతే." కూర్మయ్య పసుపు తీసి దొర నుదుట పెట్టాడు. దొర ఆ వేలు నాకాడు. "పుంజునీ ఒదిలెయ్యి అమ్మన్నమ్మా. తల్లి ఒద్దన్నదాన్ని తల్లి పేరనే ఒదిలేత్తే మొక్కు తీరినట్టే."

అమ్మన్నమ్మ పుంజుని గుండెకి హత్తుకుంది. తలూపింది.

ఇక మిగిలింది నా ఒట్టు. నేను ముందుకెళ్ళాను. దొర మెడలో తాడు మళ్ళీ కట్టాను, నేను కట్టిన ఆఖరి ముడి అది. తాడు చివర తల్లి రాతి ముందు పెట్టాను.

"నా సేత్తో అంపేత్తానన్నాను తల్లీ. ఇదుగో, అంపేసినాను. ఇంక ఆడు నా ఓడు కాడు, నీ ఓడు." తాడు వదిలేసిన చెయ్యి ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడిని నా పేర పెంచుకుందామనుకున్నాను. నా వాడని లైనంతా చెప్పుకు తిరుగుదామనుకున్నాను. అది ఇక లేదు.

సంబరం అయిన తర్వాతి ఆదివారం బౌదీ వచ్చింది. చెప్పినట్టే ఇల్లిల్లూ అడిగింది. బౌదీ అమ్మన్నమ్మ గుమ్మం దగ్గరకొచ్చి, ఈ కుక్క ఇక్కడుంటే మీకేమైనా అభ్యంతరమా అని అడిగేసరికి, అమ్మన్నమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. దొరని సాల్ట్ లేక్ తీసుకుపోవడానికే వచ్చిందనుకుంది.

"మాయేర్ కుకుర్! కే నేబే?" అని అరిచింది, తనకొచ్చిన రెండు ముక్కల బెంగాలీలో. అమ్మవారి కుక్క, ఎవరు తీసుకెళ్తారు అని.

బౌదీ బిత్తరపోయి, "మరి తిండి ఎవరు పెడతారు? స్నానం ఎవరు చేయిస్తారు?" అంది. అమ్మన్నమ్మ చీపురుతో నా వైపు చూపించింది. "ఓయ్ ముఖ్‌వాలీ." ఆ నోరు గలది. బౌదీ ఎంత నవ్విందో!

తల్లి గుడికి ఎదురుగుమ్మం మాదని చెప్పాను కదా. తల్లి కుక్క తల్లికి కనబడేలా ఉండాలి, అంటే మా అరుగు మీదే ఉండాలి. అక్కడే ఉన్నాడు. తల్లి పుంజు వాడి తోక పొడుస్తుంది, వాడు కాలెత్తి దానికేసి ముక్కు చూపిస్తాడు, నేను చెయ్యి విసరను.

ఒక సాయంత్రం కుళాయి దగ్గర నేనూ అమ్మన్నమ్మా మాత్రమే ఉన్నాం. ఆవిడ బిందె పెట్టి నీళ్ళ వైపే చూస్తూ అంది.

"సెయ్యెప్పుడు తీసినావో సూసినాన్లే దాలీ."

"నీ మోసెయ్యి ఎంత బిగించినావో నానూ సూసినాను అప్పా" అన్నాను.

"తల్లి?"

"తల్లికి కళ్ళు లేవేటి? సూసే ఉంటాది."

బిందె నిండి పొర్లుతోంది. ఆవిడ కుళాయి కట్టలేదు. "కోసీడానికే పెంచినాను. తెలుసు నాకు. అయినా రోజూ నా సేత్తో మేత ఎట్టినాను గదే..." అంటూ ఆగిపోయింది.

చెప్పడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. నేనూ ఇంకొకరికి ఇచ్చెయ్యడానికే పెంచాను అనొచ్చు. నువ్వు చేసింది తప్పు కాదనొచ్చు. ఒక్కటీ అనలేదు. కుళాయి కట్టి, బిందె ఎత్తి ఆవిడ నడుం మీద పెట్టాను. దాలమ్మ నోరు మూసుకుందంటే లైనులో ఎవరూ నమ్మరు, అందుకే ఇద్దరం ఎవరికీ చెప్పలేదు.